వారాల విస్తరి నుండి బడి పంక్తి దాక

హైదరాబాదు నగరమున నారాయణగూడ కూడలి మొదలుకొని చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగరు వరకు గల ప్రాంతము గడచిన నూరేండ్లుగా చదువుల పేటయై వర్ధిల్లుచున్నది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు బాలికలకై నెలకొల్పిన తెలుగు పాఠశాలయు, 1940లో కేశవరావు కోరట్కరుగారి స్మృత్యర్థము వెలసిన కేశవ స్మారక విద్యాలయమును, 1954లో రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారి పేరిట ఏర్పడిన మహిళా కళాశాలయు నారాయణగూడలోనివే. నగర కేంద్ర గ్రంథాలయము చిక్కడపల్లిలోనిది. ఉద్యోగ పరీక్షలకు తరిఫీదునిచ్చు కోచింగు కేంద్రములును, వానిని నమ్ముకొని వెలసిన హాస్టళ్ళును, మెస్సులును అశోక్‌నగరు సందులను నింపివేసినవి. ఈ విద్యాసంస్థలను స్థాపించిన మహనీయులెవరో, వారు పడిన శ్రమ యెట్టిదో గ్రంథములు చెప్పుచునే యున్నవి. కాని దూరపు పల్లెలనుండి వచ్చి ఈ వీధులలో చదువుకొనిన పిల్లవానికి మధ్యాహ్నపు వేళ అన్నము పెట్టినవారెవరు, ఏ నియమముపై పెట్టిరి, పెట్టునప్పుడు వానినేమని అడిగిరి అను సంగతులను విచారించిన వారరుదు. విద్యాచరిత్రలో సగభాగము ఈ అన్నపు చరిత్రయే యని నా విశ్వాసము; కావున దానిని మొదటినుండి పరిశీలింపవలసియున్నది.

పూర్వము తెలుగునాట పేద విద్యార్థికి గల ప్రధానమైన ఆధారము వారాలు. ఊరిలో ఏడుగురు గృహస్థులను వేడుకొని, ఆదివారము ఒకరి యింట, సోమవారము వేరొకరి యింట, ఇట్లు వారము పొడుగున ఏడిండ్ల భోజనము కుదుర్చుకొని చదువు సాగించుట నాటి పద్ధతి. ఆరిండ్లు దొరకి ఏడవది దొరకనివానికి ఆ యొక్క దినము పస్తే గతి. వేదపాఠశాలల విద్యార్థులు ఇంటింటికి తిరిగి మధుకరమెత్తి, తెచ్చిన అన్నమును కలిసి భుజించుచుండిరి. ఎందరో పండితులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, దేశనాయకులు ఈ అన్నముతోనే ఎదిగి వచ్చిరి. తాము తినునది పచ్చడి మెతుకులే యైనను చదువుకొను పిల్లవానికి ఒక వారమిచ్చుట పుణ్యమని భావించిన గృహిణులు, గ్రంథములలో పేరు లేకున్నను, ఈ దేశమునకు విద్యాదాతలే యనుటలో అతిశయోక్తి లేదు. వారములు దొరకని చోట పూటకూళ్ళ ఇండ్లుండెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు, భర్తను కోల్పోయిన పిమ్మట, ఒంగోలులో అట్టి భోజనశాలను నడిపి బిడ్డలను పోషించుకొనిన సంగతి సుప్రసిద్ధము.

ఇంత గౌరవింపదగిన ఆచారమునకును మేరలుండెను. వారము పెట్టిన యింట ఎవరికైన జబ్బు చేసినను, మైల వచ్చినను, చుట్టములు దిగినను పిల్లవాని భోజనము తప్పిపోవును. ఇల్లాలి ముఖము చూచి, ఆమె అలసియున్నదో విసిగియున్నదో గ్రహించి, రెండవ మారు వడ్డింపుమని అడుగవలెనో మానవలెనో పసివయస్సులోనే నిర్ణయించుకొనవలసిన వానికి పాఠముకంటె ముందు పరుల మనస్సును చదువుట అలవడును. వీటన్నిటికంటె పెద్ద మేర మరియొకటి కలదు. వారాలు ప్రధానముగా బ్రాహ్మణ బాలురకు, అటుపై అగ్రవర్ణములవారికి మాత్రమే అందిన సౌకర్యము. పంచములని వెలివేయబడిన వారి బిడ్డకు ఏ అగ్రహారములోను విస్తరి పడలేదు. ఆడపిల్ల వారాలు చేసికొని చదువుట యన్నది ఊహకే రాని మాట. అన్నము పెట్టు చేయి ఎంత దయగలదైనను, ఎవరికి పెట్టవలెనని విచారించునప్పుడు అది కులమును చూచియే కదలెను.

ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున హైదరాబాదు రాజ్యములో ఈ స్థితి కొంత మారెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలయుటతో జిల్లాల పిల్లలకు ఉన్నతవిద్య దగ్గరయ్యెను. అయితే నగరమునకు వచ్చినవాడు ఎక్కడ ఉండవలెను, ఏమి తినవలెను అను సమస్య కూడ అంతే దగ్గరయ్యెను. అదే సంవత్సరమున, తరువాతి కాలములో నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు స్థాపితమయ్యెను. గోలకొండ పత్రిక సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేసిరి. అచ్చటి గ్రంథాలయము, అచ్చటి చర్చలు తెలంగాణపు ప్రజాజీవితమునకు ఎందరో నాయకులను సమకూర్చినవి. ఆ మార్గముననే వైశ్యులు, మున్నూరుకాపులు, పద్మశాలీలు, గౌడులు మొదలగు అనేక సమాజములవారు తమతమ బిడ్డలకై వసతిగృహములను నిర్మించుకొనిరి. కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగరు పరిసరములలో వానిని నేటికిని చూడవచ్చును. ఊరి పెద్దలు బస్తాలకొలది పంపిన ధాన్యముతో, దాతల చందాలతో అచ్చట వంటశాలలు నడిచెను. ఏడిండ్ల గడపలు తొక్కవలసిన అవస్థ పోయి, ఒక కప్పు క్రింద రెండు పూటల అన్నము నిశ్చయమగుట విద్యార్థి జీవితమున గొప్ప విప్లవము.

వారాలలో ఒక గృహిణి దయగా ఉండినది హాస్టలులో ఒక సమాజపు బాధ్యతగా మారెను. అయినను ఆ బాధ్యతకు హద్దు కులమే. కొన్ని వసతిగృహములు ఉదారముగా ఇతర కులముల వారిని చేర్చుకొనిన మాట నిజము. కాని భూములు, వ్యాపారములు గల సమాజము తన బిడ్డలకు భోజనశాల కట్టుకొనగలిగెను గాని, కూలిపై బ్రదుకు సమాజమునకు ఆ శక్తి యెక్కడిది? భాగ్యరెడ్డివర్మగారు 1910లో ఇసామియా బజారునందు, పంచములని వెలివేయబడిన ఆది హిందువుల బిడ్డలకై పాఠశాల తెరచి, క్రమముగా నగరమున అట్టివానినెన్నింటినో నడిపిరి. పలకాబలపములు సమకూర్చుటయే కష్టమైన ఆ బడులలో, ప్రతి దినము కుండ పొయ్యిమీదికెక్కించుట ఏ దాతృత్వమునకును సాధ్యమగునది కాదు. ఆకలిగొన్న పిల్లలు అధికసంఖ్యాకులైన చోటనే అన్నము పెట్టగలవారు అల్పసంఖ్యాకులగుట దాతృత్వమునకు సహజమైన లోపము. ఈ లోపమును పూరింపగలది ప్రజలందరి సొమ్ముతో నడచు ప్రభుత్వమొక్కటియే.

ఆ పనిని మన దేశమున మొట్టమొదట తలకెత్తుకొనిన నగరములలో మదరాసు అగ్రగణ్యము, దానికి ఆద్యుడు తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు. ఆయన అధ్యక్షతన మదరాసు కార్పొరేషను 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్సు ప్రాంతపు తన పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్నపు ఉపాహారమును, తలకు దినమునకు ఒక్క అణా మించకుండ ఖర్చు చేసి, పెట్టుటకు తీర్మానించెను. పిమ్మట మరి నాలుగు బడులకు అది విస్తరించెను. 1922–23లో ఆ అయిదు బడులలో 811గా ఉండిన పిల్లల సంఖ్య 1924–25 నాటికి 1,671 అయ్యెను. రెండేండ్లలో బడి రెండింతలయ్యెనన్న మాట! అయినను ప్రాథమిక విద్యానిధినుండి భోజనమునకు వ్యయము చేయరాదని ఆంగ్ల ప్రభుత్వము అభ్యంతరము చెప్పగా 1925లో ఆ ఏర్పాటు నిలిచిపోయెను. ఆ యేడే త్యాగరాయ శెట్టిగారును కాలధర్మము చెందిరి. 1927లో అది పునరుద్ధరింపబడినప్పుడు, 25 బడులలో ఏరిన వెయ్యిమంది పేద పిల్లలకు మాత్రమే పరిమితమయ్యెను. ఆ ఏరుట యన్నదే మన చరిత్రకు కీలకము. అక్షరములు నేర్పుట విద్యావ్యయమేగాని, ఆ అక్షరములను చూడగల శక్తిని కన్నులకిచ్చు అన్నము విద్యావ్యయము కాదను వాదము ఆనాడు గెలిచెను. దానితోపాటు, అన్నము పెట్టక తప్పనిచో పేదలను వేరుచేసి పెట్టవలెనను వాదమును గెలిచెను. ఈ రెండు వాదములతోను మన సమాజము తరువాత ఎనుబదేండ్లు పెనుగులాడవలసి వచ్చెను.

ఇంగ్లండు దేశము మాత్రము తన పిల్లల విషయమున అప్పటికే మేల్కొనియుండెను. బోయరు యుద్ధకాలమున సైన్యమున చేరవచ్చిన యువకులలో అనేకులు శరీరదార్ఢ్యము లేక తిరస్కరింపబడుట చూచి కలవరపడిన ఆ దేశము, 1906లో బడి పిల్లలకు భోజనము పెట్టుటకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చు శాసనమును చేసెను. తన గడ్డపై శాసనసమ్మతమైన పనిని, తన యేలుబడిలోని మదరాసున నిధుల పేరిట అడ్డగించుట సామ్రాజ్యనీతి కాక మరేమి?

స్వాతంత్ర్యానంతరము ఈ యత్నము మరల దక్షిణాదినుండియే చిగిర్చెను. తమిళనాట కామరాజుగారు 1956లో ఆరంభించిన బడి భోజనము ప్రసిద్ధము. ఆంధ్రప్రదేశ్‌లో 1960ల కాలమున చదువుకొనిన వారికి కేరు సంస్థవారి గోధుమరవ్వ ఉప్మాయు, పాలపొడి కలిపిన పాలును గుర్తుండకపోవు. అమెరికానుండి ఓడలలో వచ్చిన ఆ రవ్వ పల్లె బడులలో బానలలో ఉడుకుచుండగా, పలక చంకన పెట్టుకొని ఎదురుచూచిన తరము నేడు వృద్ధాప్యమున ఉన్నది. పరదేశపు సాయముపై నిలిచినది గనుక దానికి స్థిరత్వము లేకుండెను. 1982లో తమిళనాట ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్‌గారి పౌష్టికాహార పథకము భారీయెత్తున మొదలుకాగా, అదే యేట ఆంధ్రప్రదేశ్‌లోను మధ్యాహ్న భోజనము ప్రారంభమయ్యెను గాని, కొలదికాలములోనే ఆరిపోయెను. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును ప్రకటించినప్పుడు, పెక్కు రాష్ట్రములలో వండిన అన్నమునకు మారుగా, 80 శాతము హాజరుగల పిల్లవానికి నెలకు 3 కిలోల ధాన్యము ఇచ్చు పద్ధతి వచ్చెను. ఆ బియ్యము ఇంటికి చేరి కుటుంబపు కుండలో కలిసిపోవును. మధ్యాహ్నము బడిలో పిల్లవాని కడుపు యథాప్రకారము ఖాళీగానే ఉండును.

ఈ ప్రతిష్టంభనను తొలగించినది న్యాయస్థానము. రాజస్థానమున కరవు తాండవించుచు, భారత ఆహార సంస్థ గిడ్డంగులలో ధాన్యము మురిగిపోవుచుండిన 2001వ సంవత్సరమున పౌరహక్కుల ప్రజాసంఘము వేసిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టు నవంబరు 28న ఒక ఆజ్ఞ వెలువరించెను. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలోని ప్రతి బిడ్డకును, సంవత్సరమునకు కనీసము 200 దినములు, 300 కేలరీల శక్తియు 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులును గల వండిన భోజనమును పెట్టితీరవలెనని దాని సారాంశము. ఇందు పేదబిడ్డకు అని లేదు, ఫలాని కులపు బిడ్డకు అని లేదు. ప్రతి బిడ్డకును అని యున్నది. ఆ ఆజ్ఞానుసారము ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి 2న బడులలో పొయ్యిలు రాజుకొనెను. 2008 నాటికి ఉన్నత పాఠశాలల పిల్లలకును అది విస్తరించెను. 2013లో ఆహారభద్రతా చట్టము ఎనిమిదవ తరగతి వరకు దీనిని పార్లమెంటు ఒసగిన హక్కుగా స్థిరపరచెను.

ఇప్పుడు మన నారాయణగూడకు మరలుదము. ఇచ్చటి పాత విద్యాలయములలో పెక్కు ప్రభుత్వము తెరచినవి కావు. ప్రజాహితైషులు కట్టి, తామే నడుపుకొనుచు, ప్రభుత్వపు గ్రాంటుతో ఉపాధ్యాయుల జీతములిచ్చుకొనినవి. అమెరికాలో నేడు చార్టర్ స్కూళ్ళని పిలువబడునవి కూడ ఇట్టివే: ధనము ప్రజలది, నిర్వహణ వేరొక సంస్థది. అచ్చట చిరకాలము, తలిదండ్రుల ఆదాయమును దరఖాస్తులో చూపినవారి బిడ్డలకే ఉచిత భోజనమో, తగ్గింపు ధర భోజనమో దొరకుచుండెను. తక్కినవారు డబ్బు చెల్లింతురు; చెల్లింపలేనివారి బాకీ పెరుగును; ఉచితముగా తినువాడెవడో తోటిపిల్లలకు తెలియును. ఆ అవమానమును గుర్తించియే కాలిఫోర్నియా రాష్ట్రము 2022–23 విద్యాసంవత్సరమునుండి, చార్టర్ స్కూళ్ళతో సహా, ప్రజాధనముతో నడచు బడులలోని పిల్లలందరికిని ఆదాయవిచారణ లేకుండ రెండు పూటల ఉచిత భోజనము ఏర్పరచినది. ఆ సంపన్న రాష్ట్రము కన్న సుమారు ఇరువదేండ్లకు ముందే మన ప్రభుత్వ పాఠశాలలోను, ఎయిడెడ్ పాఠశాలలోను ఈ సూత్రము ఆచరణకు వచ్చినదని తలచినప్పుడు మనము గర్వింపవచ్చును.

పల్లెలలో స్వయంసహాయక సంఘముల మహిళలు బడి ఆవరణలోనే వండుదురు. హైదరాబాదు వంటి నగరమున, ఇరుకు భవనములలో నడచు బడులకు వంటగదికి స్థలమెక్కడిది? కావున 2003నుండియు ఇచ్చట స్వచ్ఛంద సంస్థలు పెద్ద వంటశాలలలో వండి, మూతలుగల స్టీలు పాత్రలలో నింపి, వ్యానులపై బడిబడికి చేర్చు పద్ధతి ఏర్పడినది. తొలుత నాంది ఫౌండేషను ఆ భారమును వహించెను. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాములు, పై తరగతులవారికి 150 గ్రాముల బియ్యము లెక్క. పప్పు, సాంబారు, కూర, వారములో కొన్ని దినములు కోడిగుడ్డు. 2015 జనవరి 1నుండి తెలంగాణ ప్రభుత్వము బడులకును హాస్టళ్ళకును సన్నబియ్యమునిచ్చుట చిన్న సంగతి కాదు. పేదవానికి దొడ్డుబియ్యము చాలునన్న చిరకాలపు భావమును అది కొట్టివేసినది. 2023 అక్టోబరు 6న ఉదయపు అల్పాహారమును మొదలుపెట్టుటయు అట్టి ఆలోచనయే గాని, అది నిలుకడగా సాగలేదు.

అన్నమెవరు వండవలెనన్నదియు చరిత్రలో తేలిన ప్రశ్నయే. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, వంటవారి నియామకమున దళితులకును, గిరిజనులకును ప్రాధాన్యమీయవలెనని ఆదేశించెను. వారాల నాడు ఏ వాకిటను అడుగు పెట్టనీయని కులపు స్త్రీ వండిన అన్నమును అన్ని కులముల బిడ్డలును ఒక్క పంక్తిని కూర్చుండి తినుట, శతాబ్దముల ఆచారమునకు బడి చెప్పిన సమాధానము. కొన్ని గ్రామములలో పెద్దలు దీనికి ఎదురుతిరిగి తమ బిడ్డలను తిననీయని ఘటనలును దేశమున జరిగినవి. అయినను ఆ పంక్తి చెదరలేదు. ఇంత మహత్కార్యమును నిర్వహించు ఆ వంటమనుషులకు చిరకాలము నెలకు వేయి రూపాయలే గౌరవవేతనమనుటయు, ఇటీవల తెలంగాణలో అది మూడువేలకు పెరిగినను, బిల్లులు సకాలమున రాక కిరాణా దుకాణమున అప్పుచేసి వండవలసిన అవస్థ తీరలేదనుటయు మనకు సిగ్గుచేటు. గుడ్డుకు ఇచ్చు ధర బజారు ధరకు తక్కువైనచో ఆ తేడాను వారే భరింపవలెను. బడి పంక్తి ప్రజలందరి బాధ్యత యగునప్పుడు దాని నష్టము వంటమనిషి యొక్కతెపై పడనేల?

ఈ పంక్తికి ఇంకను రెండు చోట్ల తెగుదల కలదు. ఎయిడెడ్ విద్యాలయములలో ఖాళీయైన ఉపాధ్యాయ పదవులు ఏండ్ల తరబడి నింపబడకపోగా, అనేక ప్రాంగణములలో ఫీజులపై నడచు తరగతులు పెరిగినవి. నియమము ప్రకారము భోజనము ఎయిడెడ్ తరగతుల బిడ్డలకే. ఒకే గంటకు లేచి, ఒకే ఆవరణలో ఆడుకొను ఇద్దరు పిల్లలలో ఒకరికి కంచము కలదు, వేరొకరికి లేదు. ఫీజు కట్టునంత మాత్రమున ఆ రెండవవాడు కలవారి బిడ్డయని చెప్పరాదు. ఆటో నడుపువారును, ఇండ్లలో పనిచేయువారును ఫీజులు కట్టుచునేయున్నారు. రెండవ తెగుదల పదవ తరగతి. పదునారేండ్లు నిండగానే ఆకలి తగ్గునా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము లంకల గన్నవరపు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరిట నడచు బడి భోజనమును 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును విస్తరింపజేసినది. తెలంగాణయు ఆ మార్గమునే అనుసరించుట న్యాయము.

ఇక అశోక్‌నగరు సంగతి. ప్రభుత్వ కొలువుల నోటిఫికేషనుకై ఎదురుచూచుచు, చిక్కడపల్లి గ్రంథాలయమున తెల్లవారగనే చోటు పట్టుకొని చదువుకొను పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాదు యువతీయువకులకు మెస్సు బిల్లు తలకు మించిన భారము. 2014 మార్చిలో నగరపాలక సంస్థ హరేకృష్ణ సంస్థతో కలిసి ఆరంభించిన అయిదు రూపాయల భోజనము అట్టి యెందరికో ప్రాణాధారమైనది. అచ్చట పెట్టువాడు నీ కులమేమని అడుగడు, నీ తండ్రి ఆదాయమెంతయని అడుగడు. వరుసలో నిలిచినవాడే అర్హుడు. ఒకనాడు ఇదే నగరమునకు చదువుకై వచ్చిన యువకుడు తన కులపు హాస్టలును వెదకికొనవలసి వచ్చెను. నేటి యువకునికి ఆ విచారణ తప్పినది. ఇది మన నగరము నూరేండ్లలో సాధించిన నాగరికత.

వారాలలో ఇంటి దయ, హాస్టలులో కులపు అభిమానము, బడిలో చట్టపు హక్కు: ఈ మూడు మెట్లలో ప్రతి మెట్టునను అన్నము పెట్టువారి సంఖ్య పెరిగి, తినువానిని అడుగు ప్రశ్నలు తగ్గుచు వచ్చినవి. అర్హులను ఏరి పెట్టిన చోటనెల్ల అన్నము కొందరికి అందక, అందినవారికి అవమానమును మిగిల్చినది. అందరికిని పెట్టిన చోటనెల్ల బడి నిండినది. మదరాసు బడులు 1924లోనే ఈ సత్యమును అంకెలతో చూపినవి. కలవారి బిడ్డకు కూడ ఉచితముగా ఏల పెట్టవలెనని నేటికిని అడుగువారున్నారు. కలవారి బిడ్డకు పాఠమును ఉచితముగానే చెప్పుచున్నాము, పుస్తకమును ఉచితముగానే ఇచ్చుచున్నాము. భోజనమును పాఠమువలెనే బడిలో భాగమని అంగీకరించిననాడు ఆ ప్రశ్నకు తావే యుండదు. ప్రజాధనము ఒక్క రూపాయి చేరిన ప్రతి విద్యాలయమునందును, అది ఎవరి నిర్వహణలో ఉన్నను, ఏ తరగతియైనను, మధ్యాహ్నపు గంట మ్రోగినప్పుడు కూర్చున్న ప్రతి విద్యార్థికిని ఒకే అన్నము, ఒకే పంక్తిని వడ్డింపబడవలెను. మాడపాటివారును, వెంకటరామారెడ్డిగారును, భాగ్యరెడ్డివర్మగారును తమ శక్తికొలది ఆరంభించిన పనికి అది యుక్తమైన పరిపూర్తి. దానిని నెరవేర్చు శక్తి నేడు మన ప్రభుత్వములకు కలదు, నెరవేర్పుమని అడుగు హక్కు మనకు కలదు.